బావగారి వంశవృక్షంలో బతికున్నవాళ్ళు

మా ఆయన పోయారని నాకు మెయిలు వచ్చేసరికి ఆయన బాల్కనీలో కూర్చుని కాలి గోళ్ళు తీసుకుంటున్నారు.

'మీ కుటుంబంలో ఒక మరణం నమోదైంది. ఈ విషాద సమయంలో మీ జ్ఞాపకాలు పంచుకోండి' అని ఉంది అందులో. కింద ఆయన పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ. పోయింది నిన్న. గుమ్మం దాకా వెళ్ళి సంగతి ఆయన చెవిన వేశాను. తనకేమీ తెలియదన్నారు. నిన్నంతా ఇంట్లోనే ఉన్నాను కదా అని కూడా అన్నారు, అదేదో సాక్ష్యమైనట్టు.

వంటింట్లోకి తిరిగొచ్చేసరికి ఇంకో మెయిలు. ఈసారి పోయింది నేను. నా గురించి నా జ్ఞాపకాలు పంచుకోమని నన్నే అడిగారు. పొయ్యి మీద కూర మాడేలా ఉంది, తర్వాత చూద్దామని పక్కన పెట్టాను.

ఇది ఎవరి పనో బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేదు. మా బావగారు, అంటే మా ఆయనకు అన్నగారు, నీటి సరఫరా ఆఫీసులో మ్యాపులు గీసే ఉద్యోగం చేసి రిటైరయ్యారు. ఏ పైపు ఎక్కడ బయల్దేరి, ఏ మలుపులో చీలి, ఎవరింటి ముందు ఆగుతుందో ఆయనకు కంఠతా వచ్చు. రిటైరయ్యాక చేతిలో పైపులు లేకపోయేసరికి మనుషుల మీద పడ్డారు. ఇంటర్నెట్‌లో వంశవృక్షం కట్టుకోవడానికి ఒక సైటు ఉందని ఎవరో చెప్పారు. ఆ రోజు నుంచి మా వంశం ఆయనకు భూమిలో పాతిన పైపులైను. ముత్తాతగారు పెద్ద ట్యాంకు. తాతలు మెయిన్ లైన్లు. పిల్లల్లేని దంపతుల్ని 'ఎండ్ క్యాపు', అంటే పైపు చివర బిగించే మూత, అంటారు, వాళ్ళు ఎదురుగా లేనప్పుడు, చిన్న గొంతుతో. సంబంధం తెగిపోయినవాళ్ళనూ వదిలిపెట్టలేదు. తెగిన పైపైనా మ్యాపులో ఉండి తీరాలి, కాకపోతే చుక్కల గీతతో ఉంటుంది అన్నది ఆయన పద్ధతి.

ఒక్కొక్కరికి ఒక్కో గడి. అందులో ఫొటో, పుట్టిన తేదీ, చేసే పని, ఉండే చోటు, మెయిలు చిరునామా. వాటికోసం ఎవరినీ అడిగేవారు కాదు. అడిగితే మనుషులు వయసు తగ్గించి, ఉద్యోగం పెంచి చెబుతారని ఆయన అనుభవం. మనకే తెలియకుండా మన ఫొటో తీసి, మనకే గుర్తులేని మన వివరాలు పూస గుచ్చినట్టు రాసి పెట్టేవారు.

అంతా బాగానే ఉంది గానీ, ఆ సైటుకు ఒక నియమం ఉంది. బతికున్నవాళ్ళ వివరాలు బయటివాళ్ళకు చూపించదు. గడి బూడిదరంగులో ఉంటుంది. పేరుండాల్సిన చోట 'జీవించి ఉన్న వ్యక్తి' అని మాత్రం ఉంటుంది. పోయినవాళ్ళకేమో రంగుల గడి, ఫొటో, సకల మర్యాదలూ. బావగారు లింకు పంపిన చుట్టాలందరూ చూసి, మేమేరీ అని అడగడం మొదలుపెట్టారు. కళ్ళు కాయలు కాసేలా కూర్చుని పనిచేస్తే, చూసేవాళ్ళకు వరసగా బూడిద గడులే కనిపిస్తున్నాయని ఆయన చాలా బాధపడ్డారు. కనపడని పైపు ప్రమాదం, తెలియక ఎవడో ఒకడు గునపం దించుతాడు అని ఆయన ఉద్యోగమంతా నమ్మిన మాట. దాచిపెట్టడంలో మంచి ఉంటుందని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

ఈ మధ్య మా మావగారి తమ్ముడు కాలం చేశారు. నిండు వయసు. బావగారు పోయిన తేదీ నమోదు చేయగానే ఆయన గడి బూడిదరంగు వదిలించుకుని వెలిగిపోయింది. దాంతో బావగారికి దారి దొరికింది. మిగిలిన వాళ్ళందరికీ కూడా ఒక తేదీ వేసేస్తే సరిపోతుంది. ముందు తనకే వేసుకున్నారు. ఆ విషయంలో ఆయన ధర్మం తప్పే మనిషి కాదు. తర్వాత భార్యకి, తర్వాత మాకు, మా పిల్లలకి, వాళ్ళ పిల్లలకి, మేనత్తల సంతానానికి. మరణ కారణం అన్న చోటు ఖాళీగా వదిలేయడానికి మనసొప్పక 'వివరాలు సేకరించవలసి ఉంది' అని అందరికీ ఒకేలా రాశారు.

నేను కూర దించుతుండగా మా తోడికోడలు, అంటే బావగారి భార్య, ఫోను చేసింది.

"ఏమే, నువ్వెప్పుడు పోయావు?"

"నిన్ననే అక్కయ్యా. మీరో?"

"నాదీ నిన్ననే. గిన్నెలు మాత్రం నేనే తోముకుంటున్నా."

బావగారు ఏరని అడిగితే నడకకు వెళ్ళారని, ఫోను ఇంట్లోనే ఛార్జింగులో ఉందని, తమ వంశంలో ఎవరూ మిగల్లేదు గనక వంట తగ్గించి చేస్తున్నాననీ చెప్పింది. ఇద్దరం కాసేపు నవ్వుకున్నాం. పెట్టేశాక, మా ఆయన ఫొటో ఏది పెట్టారో చూద్దామని లాప్‌టాప్ తెరిచాను. ఆయన ఫొటో పెళ్ళినాటిది. నాది ఎవరి ఇంట్లోనో పళ్ళెం పట్టుకుని నిలబడ్డది. నా పక్క గడిలో మా ఆడపడుచు ఉంది.

ఆ గడి చూశాక నాకు నవ్వు ఆగిపోయింది.

మా ఆడపడుచు ఈ అన్నదమ్ములిద్దరికీ చెల్లెలు. అందరూ చిట్టి అంటారు, ఇప్పుడు జుట్టు నెరుస్తున్నా కూడా. కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పని చేస్తుంది. గడిలో ఉన్న ఫొటో ఆ దుకాణం ముందు తీసింది. వెనకాల బోర్డు మీద దుకాణం పేరు, వీధి పేరు, ఊరి పేరు, ఫోను నంబరు. బావగారి ఫొటోలో ఏదీ మసకగా ఉండదు. ఫొటో కింద ఉండే చోటు, చేసే పని మళ్ళీ విడిగా రాశారు, బోర్డు చదవలేనివాళ్ళ కోసం కాబోలు.

ఆ ఊరి పేరు మేము మా ఇంట్లో మాలో మేము కూడా పలకం. 'అక్కడ' అంటాం. అక్కడ ఎండలెలా ఉన్నాయి, అక్కణ్ణుంచి ఫోనొచ్చింది, అని.

కారణం చిట్టి మాజీ భర్త. విడాకులైపోయాయి. అతను కొట్టిన మనిషి కాదు, తిట్టిన మనిషి కాదు. గొంతు కూడా పెంచడు. విడాకులయ్యాక చిట్టి ఒక రక్తపరీక్షల ల్యాబులో చేరితే, రోజూ అక్కడికొచ్చి జనం కోసం వేసిన బెంచీ మీద కూర్చునేవాడు. పేపరు చదువుకునేవాడు. మధ్యమధ్యలో తలెత్తి చిట్టిని చూసేవాడు. పోలీసులకు చెబితే, కూర్చోవడం నేరం కాదన్నారు. కొన్నాళ్ళు చూసి ల్యాబు యజమాని చిట్టినే మానేయమన్నాడు, బెంచీని మానేయమనలేడు కదా. ఇంకో ఊళ్ళో ఇంకో ఉద్యోగం. అక్కడ కూడా ఒక బెంచీ ఉంది, అతను అక్కడికీ వచ్చాడు. అతనికి 'బెంచీ' అని పేరు పెట్టింది చిట్టే. మళ్ళీ ఊరు మారినప్పుడు మా నలుగురికి తప్ప ఎవరికీ చెప్పలేదు.

బావగారు ఆ నలుగురిలో ఒకరు. ఆయన ఆ ఫొటో పెట్టినప్పుడు చిట్టిది బూడిద గడి, ఎవరికీ కనపడదు. ఆ ధైర్యంతోనే పెట్టారు. ఒక వాల్వు తిప్పేముందు ఆ లైన్లో ఎవరెవరి ఇళ్ళున్నాయో చూసుకునే మనిషి, అందరినీ ఒకేసారి చంపేటప్పుడు మాత్రం చూసుకోలేదు.

చిట్టి గడి నుంచి ఒక చుక్కల గీత బయల్దేరింది. దాని చివర బెంచీ ఉన్నాడు. అతనూ నిన్ననే పోయాడు. అంటే అతనికీ మెయిలు వెళ్ళి ఉంటుంది.

మా ఆయన్ని పిలిచి తెర చూపించాను. ఒక కాలి గోళ్ళు మిగిలి ఉండగానే చెప్పులేసుకుని స్కూటరు తాళాలు తీసుకున్నారు. అన్నయ్య ఎటు నడుస్తారో ఎలా తెలుసన్నాను. పెద్ద పైపు ఎటు పోతే అటు నడుస్తాడు, మూడో వాల్వు దగ్గర కాసేపు ఆగుతాడు అన్నారు. ఆ సైటు పాస్‌వర్డు బావగారి బుర్రలో తప్ప ఎక్కడా లేదు. మనిషిని పట్టుకుని ఇంటికి తీసుకెళ్ళి కంప్యూటరు ముందు కూర్చోబెట్టాలి.

స్కూటరు సందు మలుపు తిరిగిందో లేదో, నా ఫోను మోగింది.

"అక్కయ్యగారూ, బాగున్నారా?"

విడాకులయ్యాక కూడా అతను నన్ను అక్కయ్యగారనే పిలుస్తాడు. ఆ పిలుపులో ఎప్పుడూ తేడా రాలేదు, అదే భయం.

"బాగున్నానండీ" అన్నాను.

"అంతేలెండి. మెయిల్లో వేరేగా ఉంటే అడిగాను."

తనను కూడా చంపేశారని నెమ్మదిగా, నొచ్చుకుంటూ చెప్పాడు. లింకు నొక్కితే తన గడి కనిపించిందట. తన పుట్టినరోజు, తనుండే వీధి, తన ఆఫీసు, అన్నీ అందులో ఉన్నాయట. నన్నొక మాట అడగాలి కదా అన్నాడు. అడగాలి, నిజమే అన్నాను. మీ బావగారు పెద్దవారు, తప్పు పట్టడం కాదు గానీ లోకం మంచిది కాదండీ అన్నాడు. కాదండీ అన్నాను.

"బతికున్న మనిషి ఎక్కడుంటాడో ఏం చేస్తాడో నలుగురిలో పెట్టేస్తే ఎలాగండీ? రేపు ఎవడో వచ్చి మా ఇంటి ముందు కూర్చున్నాడనుకోండి. నేనేం చెయ్యాలి?"

గరిటె నా చేతిలోనే ఉంది. దాన్ని గిన్నెలో పెట్టాను.

"కష్టమేనండీ. ఊరికే కూర్చుంటే ఏమీ అనడానికి కూడా ఉండదు."

"అదే కదా" అన్నాడు, ఇన్నాళ్ళకు ఒకరు అర్థం చేసుకున్నారన్నట్టు.

అతను చెప్పిన ప్రతి మాటా సబబుగానే ఉంది. ఆ నోటి నుంచి వచ్చిందన్న ఒక్క తప్పు తప్ప నాకు అందులో వేలెత్తి చూపడానికి ఏమీ దొరకలేదు. అందుకే నాకు ఒళ్ళు మండింది.

మీరిప్పుడు కంప్యూటరు ముందున్నారా అని మామూలుగా అడిగాను. లేదు, ఫోన్లోనే చూశానన్నాడు. అయితే మాట్లాడుతున్నంతసేపూ ఆ తెర అతని చెవికి ఆనుకుని ఉంటుంది. మాటలు ఆపకుండా ఉంటే చాలు. నేను మాటల్లో పడితే మా ఇంట్లో పాలు పొంగిపోతాయని పేరుంది. ఆ పేరు ఇన్నాళ్ళకు పనికొచ్చింది.

మీ గడిలో తప్పులేమైనా ఉంటే చెప్పండి, రాసుకుంటాను అన్నాను. అతని గొంతు విచ్చుకుంది. ఫొటోలో కళ్ళు మూసుకుపోయాయట, మంచిది పంపిస్తానన్నాడు. ఆఫీసరు అని రాశారు, ఇప్పుడు సీనియర్ ఆఫీసరు, ఆ మాట కలపాలి అన్నాడు. కలుపుతానన్నాను. రాసుకున్నారా అన్నాడు. రాసుకున్నానన్నాను. లాప్‌టాప్ మీద చూపుడువేలితో ఆ పేజీని మళ్ళీ మళ్ళీ రిఫ్రెష్ చేస్తున్నాను. చిట్టి గడి రంగులోనే ఉంది. దుకాణం బోర్డు నిగనిగలాడుతోంది. చదివిన కాలేజీ పేరు కూడా పెట్టమంటారా అన్నాను. పెట్టమన్నాడు. అందులో మీకేమైనా మెడల్సు వచ్చాయా అన్నాను. రాలేదు గానీ, రావాల్సింది అంటూ ఆ కథ చెప్పడం మొదలుపెట్టాడు. చాలా పెద్ద కథ. దేవుడు మేలు చేశాడనుకున్నాను.

కథ మధ్యలో తెర కదిలింది. బావగారి గడి బూడిదరంగు అయింది. మనిషి దొరికారన్నమాట. తర్వాత అక్కయ్య గడి. నాకు అర్థమైంది. ఆయన ముందు చిట్టిని బతికించడం లేదు. వరస ప్రకారం, పెద్దల నుంచి చిన్నల దాకా వస్తున్నారు. ఇల్లు అంటుకున్నా చెప్పులు జతగా తీసుకుని బయటికొచ్చే మనిషి. మా ఆయన గడి మారింది. కాసేపటికి నాది. నేను ప్రాణం పోసుకోవడం కళ్ళారా చూశాను, ఏమీ తెలియలేదు. ఆ తర్వాత చాలాసేపు ఏమీ కదల్లేదు. పక్కన మా ఆయన నుంచుని పళ్ళు నూరుతూ ఉండుంటారు.

"చిట్టిది కూడా మెయిలొచ్చింది" అన్నాడు అతను, కథ ముగించి. "నేను తెరవలేదు. నాకెందుకు."

నేను అడగలేదు. అడగని ప్రశ్నకు జవాబు వచ్చింది.

"అవునండీ, మీకెందుకు" అన్నాను. "ఆ ఫొటో మీరు వాట్సాప్‌లో పంపిస్తారా, మెయిల్లోనా?"

అతను చెప్పేలోగా చిట్టి గడి బూడిదరంగుకు తిరిగింది. బోర్డు లేదు, వీధి లేదు. జీవించి ఉన్న వ్యక్తి. ఆ మాట అంత అందంగా ఉంటుందని నాకు అంతవరకూ తెలియదు.

మరి నాది ఎప్పుడు సరిచేస్తారు అని అడిగాడు. వరసలో ఉన్నారండీ అన్నాను. బావగారి వరసలో అతను అందరికన్నా చివర. సాయంత్రం దాకా పోయే ఉన్నాడు.

చిట్టికి నేనే ఫోను చేశాను. ఒక్క ముక్క దాచకుండా చెప్పాను. వెనకాల అద్దాలు అరగదీసే యంత్రం చప్పుడు వినపడుతూ ఉంది, కొంతసేపటికి అది ఆగింది.

"బోర్డు కనపడుతోందా వదినా?"

"కనపడింది. ఇప్పుడు లేదు."

"ఎప్పట్నుంచి ఉంది?"

"నిన్న సాయంత్రం నుంచి."

"సరే. కస్టమరు వచ్చారు, ఉంటా" అంది.

ఆదివారం తనే బయల్దేరి బావగారింటికి వచ్చింది. మేమూ వెళ్ళాం. బావగారు ముందు గదిలో కంప్యూటరు ముందు కూర్చుని ఉన్నారు. ఆయనకు తప్పు చేశానని తెలుసు, కానీ ఎక్కడ చేశానో ఇంకా తెలియలేదు. నిదానంగా తన వాదన చెప్పుకొచ్చారు. తేదీలు మళ్ళీ తీసేద్దామనే వేశానన్నారు. ఎవరికీ కీడు తలపెట్టలేదన్నారు. చిట్టి వింటూ కూర్చుంది.

"నేను నీ గురించి చెడ్డగా ఒక్క మాట రాశానా చిట్టీ? అన్నీ నిజాలే కదా" అన్నారు చివరికి.

"అబద్ధాలు రాసుంటే నేను హాయిగా నిద్రపోదును అన్నయ్యా."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. అవి చిట్టి చేసి ఇచ్చినవే. తర్వాత మళ్ళీ పైపుల దగ్గరికే వచ్చారు. కనపడని పైపుకే ప్రమాదమమ్మా, ఎక్కడుందో తెలిస్తే ఎవడూ దాని జోలికి రాడు అన్నారు. ఇది ఆయన ఎవరినో ఒప్పించడానికి అన్న మాట కాదు. నిజంగా నమ్మి అన్నారు.

"తెలియక తవ్వేవాడి సంగతి నువ్వు చెప్తున్నావు" అంది చిట్టి. "నాకున్నవాడు నన్ను తవ్వడానికే తిరుగుతున్నాడు. వాడి చేతికి నువ్వు మ్యాపు ఇచ్చావు."

అక్కయ్య టీ తీసుకొచ్చి, ఎవరికిస్తే బాగుంటుందో తెలియక ట్రే పట్టుకుని నిలబడింది. బావగారి ముఖం చూస్తే, ఉద్యోగమంతా గీసిన మ్యాపులు ఒక్కొక్కటీ కళ్ళముందుకొచ్చి, వాటిలో ఏది ఎవరి చేతిలో పడి ఉంటుందా అని లెక్క చూసుకుంటున్నట్టుంది.

ఇప్పుడు బూడిదరంగులో పెట్టాను కదమ్మా, ఎవరికీ కనపడవు అన్నారు. బూడిదరంగు కూడా వద్దంది చిట్టి. బూడిదరంగులో ఉన్నది మళ్ళీ ఎప్పుడో ఎవరో ఒక తేదీ వేస్తే రంగులోకి వస్తుంది. నువ్వు కాకపోతే నీ తర్వాత ఈ పని పట్టించుకునేవాడు. అసలు గడే వద్దు, తీసెయ్ అంది.

"తీసేస్తే అమ్మకి ఇద్దరమే అవుతాం" అన్నారు బావగారు.

"అమ్మకి తెలుసు కదా, ముగ్గురమని."

ఆయన మౌసు పట్టుకుని చిట్టి గడి తెరిచారు. అది తెరిస్తేనే తొలగించే బొత్తాం కనపడుతుంది. దుకాణం ముందు ఫొటో, వివరాలు, వాటి కింద విశేషాలు అన్న చోట ఆయన రాసిన నాలుగు ముక్కలు. అక్కడేదో రాసి ఉందని మాకెవరికీ తెలియదు. చిట్టి ముందుకు వంగి చదివింది. 'కళ్ళద్దాల పనిలో నిపుణురాలు. మా ఇంట్లో ఎవరి సాయమూ లేకుండా నిలబడిన మొదటి మనిషి. అన్నల వల్ల ఏమీ కాలేదు.'

రెండోసారి కూడా చదివిందని ఆమె కళ్ళు వెనక్కి వెళ్ళడం చూసి తెలుసుకున్నాను.

"బాగా రాశావు" అంది. "తీసెయ్."

నిన్నగాక మొన్న ఒక్క పూటలో వంశం మొత్తాన్ని చంపేసిన మనిషి, ఆ ఒక్క బొత్తాం నొక్కడానికి చాలాసేపు తీసుకున్నారు. ఖచ్చితంగా తొలగించాలా అని సైటు అడిగింది. అవునన్నాక, మళ్ళీ తిరిగి రాదు అని చెప్పింది. నొక్కారు. మా ఆయన గడీ, బావగారి గడీ పక్కకు జరిగి చిట్టి ఖాళీని పూడ్చేసుకున్నాయి. చుక్కల గీతతో పాటు బెంచీ కూడా పోయాడు. అతని సీనియర్ అన్న మాట కలపడం కుదరనేలేదు. అక్కయ్య ట్రే అందరికన్నా ముందు చిట్టి దగ్గర పెట్టింది. టీ చల్లారిపోయింది, అయినా చిట్టి తాగేసింది.

ఇంతటితో అయిపోయి ఉంటే బాగుండేది.

కొన్నాళ్ళకి చిట్టి పనిచేసే దుకాణానికి ఎవరో ఫోను చేశారు. ఓనరమ్మ ఎత్తింది. అద్దాలు బిగించే ఆవిడ ఉన్నారా అని అడిగారట. ఉంది, పిలవమంటారా అంటే, వద్దులెండి అని పెట్టేశారట. మగ గొంతు. మెత్తగా, మర్యాదగా మాట్లాడాడట. కస్టమరే అయ్యుండొచ్చు. పాత కళ్ళజోడు బాగు చేయించుకోవాల్సినవాడు, మొహమాటస్తుడు, లోకంలో అలాంటివాళ్ళు చాలామంది ఉంటారు. ఈ మాట నేను చిట్టితో అన్నాను.

"అయ్యుండొచ్చు వదినా" అంది. "అవునో కాదో తెలియాలంటే నేను ఇక్కడే కూర్చుని చూడాలి. చూడను. వెళ్ళిపోతున్నా."

ఓనరమ్మ తనకు తెలిసిన మరో దుకాణంలో మాట్లాడి పెట్టిందట. మంచి మనిషి, కారణం పూర్తిగా వినకుండానే సాయం చేసింది. ఏ ఊరు అని అడిగాను.

"నీక్కూడా చెప్పను. కోపం తెచ్చుకోకు."

"నేనెవరికి చెప్తానే?"

"ఎవరికీ చెప్పవు. నీ కడుపులో మాట ఆగుతుంది. కానీ పెద్దన్నయ్య అడుగుతాడు, చిన్నన్నయ్య అడుగుతాడు, తెలియదని చెప్పాలి. అబద్ధం చెప్పేటప్పుడు నీకు నవ్వొస్తుంది వదినా, పట్టేస్తారు. నిజంగానే తెలియకపోతే ఆ తిప్పలు లేవు."

నాకు కోపం రాలేదని చెప్పడం అబద్ధం. ఆ పూట గిన్నెలు కొంచెం గట్టిగా చప్పుడు చేశాయి. మా ఆయన ఏమైందని అడిగితే ఏమీ లేదన్నాను. ఆయన ఇంకేమీ అడక్కుండా తువ్వాలు తీసుకుని తడి గిన్నెలు తుడవడం మొదలుపెట్టారు. అది ఆయన అలవాటు కాదు.

బావగారు వారానికోసారి ఫోను చేసి, అమ్మాయి ఎక్కడుందో నీకు చెప్పే ఉంటుంది కదమ్మా అంటారు. తెలియదు బావగారూ అంటాను. చెప్పకు, చెప్పొద్దు, బాగుందా అన్నది చెప్పు చాలు అంటారు. నమ్మలేదని తెలుస్తూనే ఉంటుంది. బాగుంది బావగారూ అంటాను. ఆ మాట మాత్రం నాకు తెలుసు. ఆయన ఇప్పుడు వంశవృక్షంలో పోయినవాళ్ళ జోలికే వెళ్తున్నారు. బతికున్నవాళ్ళకు మనిషి మనిషికీ ఫోను చేసి, నిన్ను ఉంచమంటావా తీసెయ్యమంటావా అని అడుగుతున్నారు. చాలామంది తీసెయ్యమంటున్నారట, కొందరు ఉంచమని వయసు తగ్గించమంటున్నారట. నన్నూ అడిగారు. ఆ పళ్ళెం ఫొటో మార్చేదాకా తీసెయ్యమన్నాను.

చిట్టి ఆదివారాలు ఫోను చేస్తుంది, నంబరు కనపడకుండా. ఏం వండావు, మోకాలి నొప్పి ఎలా ఉంది, చిన్నన్నయ్య గురక తగ్గిందా, అవే కబుర్లు. నేను జాగ్రత్తగా అడుగుతాను. బజారు దూరమా, నీళ్ళెలా ఉన్నాయి, పక్కింటివాళ్ళు మంచివాళ్ళా, ఇలాంటివి నోటిదాకా వస్తాయి. మింగేస్తాను. ఇద్దరు ఆడవాళ్ళు ఊరి ఊసెత్తకుండా అంతసేపు మాట్లాడుకోవడం ఎంత కష్టమో ఎవరైనా ప్రయత్నించి చూడాలి.

పోయిన ఆదివారం తను మాట్లాడుతుంటే వెనకాల వాన చప్పుడు వినపడింది. పెద్ద వాన. తన గొంతు కూడా సరిగ్గా అందలేదు. మా దగ్గర నాలుగు రోజులుగా ఎండ మండిపోతోంది. చిట్టికి ఆ చప్పుడు నాకు వినపడుతోందని తెలిసింది, నేను విన్నానని ఆమెకు తెలిసిందని నాకూ తెలిసింది. ఇద్దరం మా ఆయన గురక గురించి మరికాస్త మాట్లాడుకుని పెట్టేశాం.

ముందు గదిలో టీవీలో వార్తలొస్తున్నాయి. వార్తల చివర ఏ ఊళ్ళో వాన పడిందో చెబుతారు. నేను వెళ్ళి టీవీ కట్టేశాను. చూస్తున్నాను కదా, ఎందుకు కట్టేశావన్నారు మా ఆయన. ఊరికే అన్నాను.